సీటు కింది స్విచ్చి

“అంటే తాళం తిప్పితే ఏ చప్పుడూ లేదు. టక్కుమని కూడా అనట్లేదు.”

“టక్కూ లేదు, టిక్కూ లేదు. ఉలకదు, పలకదు. ఫోన్లో చెప్పాను, గేటు దగ్గర చెప్పాను, ఇప్పుడు మూడోసారి చెప్తున్నాను చిన్నబ్బాయ్.”

ఆటస్థలం మూలన రేకుల షెడ్డు, మధ్యాహ్నం మూడు గంటలు. కూర్చుని నడిపే గడ్డి కోసే బండి మూత తెరుచుకుని ఉంది. దాని ముందు గొంతుక్కూర్చున్నవాడు మోటారు మెకానిక్కు, తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నది అతని వదిన. ఆమె భర్త పన్నెండేళ్ళు ఈ బండి మీదే ఈ స్థలమంతా గడ్డి కోశాడు. పోయి ఆరు నెలలైంది. ఆ ఆరు నెలల్లో వదినా మరిదీ ఎదురెదురుగా కూర్చోవడం ఇదే మొదలు, అదీ బండి పుణ్యమా అని.

“బ్యాటరీ?”

“కొత్తది. వాచ్‌మన్ చేత తెప్పించాను.”

“పెట్రోలు?”

“పాతది తీయించేసి నిన్ననే కొత్తది పోశాను.”

“ముందు దీపాలు వెయ్యి.”

“ఇదిగో. దీపాలకేం, పట్టపగలు కూడా దివ్యంగా వెలుగుతాయి.”

“అయితే బ్యాటరీ బాగుంది, ఫ్యూజూ బాగుంది. బ్రేకు తొక్కే తిప్పావా తాళం?”

“తొక్కాను.”

“పూర్తిగా?”

“నా కాలికి అందినంత.”

“అంటే పూర్తిగా కాదన్నమాట.”

“సీటు ముందుకు జరుపుకున్నాలే! పూర్తిగానే తొక్కాను. బ్లేడ్ల లివరు కూడా కిందికే ఉంది, అదీ అడుగుతావు ఇప్పుడు. పన్నెండేళ్ళు చూసినదాన్ని, ఆ మాత్రం తెలియదా నాకు?”

“తెలియదని ఎవరన్నారు వదినా. వరసగా చూసుకుంటూ వస్తున్నా, అంతే. స్టార్టరు చూద్దాం.”

“ఒకసారి సీటు ఎత్తి చూడకూడదూ?”

“సీటు కింద ఏముంటుంది.”

“ఏముంటుందో నాకేం తెలుసు, మెకానిక్కువి నువ్వు. ఏవో వైర్లున్నాయి అక్కడ.”

“స్టార్టరు చూద్దాం ముందు.”

“స్టార్టరు ఇందాకే చూశావు.”

“మళ్ళీ చూద్దాం. టెస్టరు ఇటివ్వు. అది కాదు, పసుపుపచ్చ పిడిది.”

“టీ పెట్టుకురానా?”

“వద్దు వదినా.”

“వద్దంటే ఎలా. ఒక్కదానికి పెట్టుకుంటే ఉన్న కాసిని నీళ్ళూ గిన్నెకే సరిపోతాయి. నువ్వుంటే కనీసం మరుగుతుంది.”

“పనయ్యాక తాగుతాలే.”

“పనయ్యాక వెళ్ళిపోతావు. తెలుసు నాకు. నీ గ్యారేజీ నుంచి ఇక్కడికి ఎన్ని స్టాపులు?”

“రెండు.”

“రెండు స్టాపులు దాటడానికి ఆరు నెలలు పట్టింది.”

“పని ఒత్తిడి వదినా. మనుషులు దొరకట్లేదు. ఒక్కడినే చూసుకోవాలి అన్నీ…”

“నిన్ను నిలదీయట్లేదురా. ఊరికే లెక్క చెప్తున్నా. ఆ మధ్య ఒకసారి వచ్చావట కదా?”

“నేనా? ఎప్పుడు?”

“నేను ఆస్పత్రి కాగితాల కోసం వెళ్ళిన రోజు. వాచ్‌మన్ చెప్పాడు. నేను లేనని తెలిసి షెడ్డు దాకా వచ్చి వెళ్ళిపోయావట.”

“ఆఁ… ఊరికే. ఇటేపు పనుంటే.”

“నేను లేని రోజే చూసుకుని వచ్చావు. ఫోన్ చేస్తే ఉండేదాన్ని కదా. ఆ సాయంత్రం వాచ్‌మన్ చెప్తే ఎంత సంతోషమేసిందో, మళ్ళీ వస్తావేమోనని రెండు రోజులు బజారుకి కూడా వెళ్ళలేదు.”

“వదినా, ఈ వైరు పట్టుకో. కదపకు.”

“పట్టుకున్నా. మాట మార్చడంలో అన్నదమ్ములిద్దరూ ఒకటే.”

“రేపు ఎన్నింటికి వస్తాడు ఆ మేనేజరు?”

“ఎనిమిదింటికి. గడియారం చూసుకుని వస్తాడు. నేను బండెక్కి, ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒక్క వరస కోసి చూపించాలి. చూపిస్తే మీ అన్నయ్య ఉద్యోగం నాకు. లేదంటే కాంట్రాక్టు వాళ్ళకిచ్చేస్తారు, ఉద్యోగంతో పాటు ఇచ్చిన ఈ రెండు గదులూ నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి.”

“ఖాళీ చేస్తే ఎక్కడికి వెళ్తావు?”

“అదే నేనూ ఆలోచిస్తున్నా. అందుకే ఖాళీ చెయ్యకూడదని నిర్ణయించుకున్నా.”

“మా ఇంటికి…”

“మీ ఇంట్లో మీరే నలుగురు, ఒక గది. ఆ మాట అన్నావు, చాలు. నాకు ఇక్కడే ఉండాలని ఉంది చిన్నబ్బాయ్. ఆదివారం వస్తే బంతి కంచె దాటుతుంది, ఎవడో ఒకడు తలుపు కొట్టి ‘ఆంటీ బంతి’ అంటాడు. ఆ వారానికి అదే మాట నాతో. మొన్న కొట్టువాడిని సబ్బు అడగబోతే గొంతు బొంగురుపోయి ఉంది. జలుబా అన్నాడు. కాదు బాబూ, వాడకం లేక అన్నాను.”

“టెస్టరు ఇంకోసారి ఇటివ్వు.”

“నవ్వాలి అక్కడ.”

“స్టార్టరుకి కరెంటు రావట్లేదు. స్టార్టరు బాగానే ఉంది, దాని దాకా రావట్లేదు. మధ్యలో ఎక్కడో ఆగిపోతోంది. నువ్వు కొంచెం తప్పుకో, నేనెక్కి ఒకసారి తిప్పుతా.”

“నేను వందసార్లు తిప్పాను. నువ్వు తిప్పితే ఏం ఒరుగుతుంది… అమ్మో!”

“ఆఁ?”

“స్టార్టయ్యిందీ అంటున్నా! ఆపు, ఆపు, రేకులు ఎగిరిపోయేలా ఉన్నాయి!”

“ఆపాను. ఇప్పుడు నువ్వెక్కు.”

“ఎక్కాను. బ్రేకు తొక్కాను. తిప్పుతున్నా. చూశావా? చచ్చినా పలకదు.”

“దిగు. నేనెక్కుతా మళ్ళీ.”

“అదిగో! నీకు పలుకుతోంది! చూశావా దాని బుద్ధి. మగవాళ్ళ పక్షమన్నమాట ఇది. మేనేజరు అనుకున్నదే ఇదీ అనుకుంటోంది.”

“వదినా, నీ బరువెంత?”

“ఆడవాళ్ళని అడిగే మాటేనా అది?”

“చెప్పు.”

“నలభై నాలుగు. మొన్న తూచారు.”

“నలభై నాలుగా? అంత తగ్గిపోయావా?”

“ఏం తగ్గాను, ఎప్పుడూ పుల్లనే. మహా అయితే రెండు కిలోలు.”

“అన్నయ్య?”

“నూట పది. డాక్టరుకి చెప్పేటప్పుడు మాత్రం తొంభై ఎనిమిది.”

“అదే అయ్యుంటుంది. సీటు ఎత్తాలి ఇక, తప్పదు. అటు పట్టుకో… చూడు. ఈ స్ప్రింగు చూడు.”

“ఇది కదూ, మీ అన్నయ్య ఎక్కడి నుంచో తెచ్చి బిగించారు. లారీదట.”

“లారీ క్లచ్చుది. బండితో వచ్చిన స్ప్రింగు ఆయన బరువుకి చదునైపోయేది. సీటు రేకు నడుముకి తగులుతోందని ఇది వేసుకున్నాడు. ఇదిగో, దీని కింద ఉన్న ఈ నల్ల బొత్తాం, ఇదీ స్విచ్చి. మనిషి కూర్చుంటే సీటు దిగి దీన్ని నొక్కుతుంది. నొక్కితేనే బండి స్టార్టవుతుంది. నువ్వు కూర్చుంటే లారీ స్ప్రింగు దిగట్లేదు. సీటు మీద ఎవరూ లేరనుకుంటోంది బండి.”

“నేను కూర్చున్నా కూడా?”

“నువ్వు కూర్చున్నా కూడా.”

“దాని లెక్కలో నేను లేనట్టే.”

“దాని లెక్క అంతే వదినా.”

“పోనీలే, దాన్ననడం దేనికి. ఈ మధ్య చాలామంది లెక్క అంతే.”

“వదినా…”

“ఆగాగు. ఒక్క సంగతి చెప్పు. పోయినేడు మీ అన్నయ్యకి కాలు బెణికినప్పుడు నేను నడిపాను దీన్ని. గుర్తుందా? నాలుగు రోజులు. ఈ స్ప్రింగే ఉంది అప్పుడూ. నా బరువూ ఇంతే.”

“అప్పుడంటే…”

“అప్పుడు ఒక్క తిప్పుకి స్టార్టయ్యింది. నాలుగు రోజులూ.”

“అప్పుడు వేరు వదినా. పాతబడే కొద్దీ స్ప్రింగు బిగుసుకుపోతుంది.”

“స్ప్రింగు పాతబడితే వదులవుతుంది కానీ బిగుసుకుంటుందా? మంచం స్ప్రింగులు కూడా తెలియనిదాన్నా నేను?”

“తుప్పు పడితే బిగుసుకుంటుంది.”

“ఏదీ తుప్పు? నిగనిగలాడుతోంది.”

“వదినా, అన్నయ్య సామాన్ల పెట్టెలో హాక్సా ఉందా? ఈ నట్టు పట్టేసింది, పానాకి రాదు. కోసి స్ప్రింగు తీసేసి, పాతది వెతికి పెడితే నీ బరువుకి సరిగ్గా సరిపోతుంది.”

“కొయ్యడానికి ఎంతసేపు?”

“గంట. గంటన్నర.”

“అంత తంటా ఎందుకు? ఈ స్విచ్చికి వచ్చే రెండు వైర్లూ కలిపేస్తే సరిపోదూ? మీ అన్నయ్య అలాగే కదా నడిపారు. గుంటల్లో సీటు ఎగిరినప్పుడల్లా బండి ఆగిపోతోందని విసుక్కునేవారు. ఒకరోజు వచ్చి, ‘రెండు వైర్లు కలిపితే పీడ వదిలిపోయింది’ అన్నారు. ఆ తర్వాత దారిలో రాయి కనిపిస్తే దిగి తీసి పారేసి మళ్ళీ ఎక్కేవారు, బండి దాని మానాన అది గుడగుడలాడుతూనే ఉండేది.”

“హాక్సా ఎక్కడుంది?”

“పెట్టెలో కింది అరలో. కలిపెయ్యి చిన్నబ్బాయ్. నిమిషంలో పని.”

“కలపను.”

“రేపు ఒక్క వరసకే. తర్వాత తీరిగ్గా స్ప్రింగు మారుద్దువుగాని.”

“కలపనన్నానా.”

“పోనీ సీటు మీద ఇసుక మూట పెట్టుకుని, దాని మీద కూర్చుంటా.”

“అప్పుడు నువ్వు కింద పడ్డా ఇసుక మూట సీటు మీదే ఉంటుంది. బండి ఆగదు. కింద బ్లేడ్లు తిరుగుతుంటాయి.”

“నేనెందుకు పడతాను?”

“ఎవరైనా పడతామని తెలిసి ఎక్కుతారా!”

“అరవకు. నేనేం అన్నానని?”

“నేనేం అరవట్లేదు.”

“అరిచావు. బాగానే ఉందిలే, ఈ షెడ్డులో ఎవరైనా అరిచి ఎన్నాళ్ళయిందో. ఇదిగో హాక్సా. కలపవు, సరే. ఒక్కటి చెప్పి కొయ్యి. మీ అన్నయ్య కలిపిన వైర్లు ఇప్పుడు ఎందుకు విడిగా ఉన్నాయి?”

“ఊడిపోయుంటాయి.”

“ఊడిపోయి, వాటంతటవే టేపు చుట్టుకుని, స్విచ్చిలోకి వెళ్ళి కూర్చున్నాయా?”

“వదినా, స్ప్రింగు గట్టిగా పట్టుకో. కోసేటప్పుడు చెయ్యి దగ్గర పెట్టకు.”

“పట్టుకున్నా. చెప్పకు. మీ వంశంలో చెప్పే అలవాటు లేదు.”

“చెయ్యి ఇంకొంచెం పక్కకి.”

“ఇలాగా?”

“ఆఁ, అలాగే.”

“ఈ చప్పుడు వింటుంటే మీ అన్నయ్య ఉన్నట్టే ఉంది షెడ్డులో. ఏదో ఒకటి కోస్తుండేవారు. ఆ రోజు కూడా… చెప్పానా నీకు ఆ రోజు సంగతి?”

“చెప్పావు వదినా. ఆస్పత్రిలో చెప్పావు.”

“అందరికీ చెప్పాను. నేను వంటింట్లో ఉన్నాను. బండి చప్పుడు వస్తూనే ఉంది. చప్పుడు వస్తోందంటే ఆయన ఉన్నట్టే కదా? కిటికీలోంచి తొంగి చూడాలని కూడా అనిపించదు కదా ఎవరికీ? ఒంటిగంటకి వాచ్‌మన్ వచ్చి తలుపు బాదేదాకా నాకేం తెలియదు. అప్పటికే ఆయన గుండెపోటుతో గడ్డిలో పడి రెండు గంటలైందన్నారు.”

“నువ్వేం చేస్తావు వదినా అందులో.”

“అందరూ అదే మాట. నువ్వేం చేస్తావు, నువ్వేం చేస్తావు. విని విని… సరేలే. ఎంత తెగింది?”

“సగం.”

“బ్లేడు గీత తప్పుతోంది.”

“పాత హాక్సా, తప్పుతుంది.”

“ముప్ఫై ఏళ్ళుగా మెకానిక్కు పని చేసేవాడికా?”

“కాసేపు ఏం మాట్లాడకు వదినా. బ్లేడు విరుగుతుంది.”

“మాట్లాడను. కానీ ఇలా మాట్లాడకుండా ఉండటమే వద్దనుకుని పిలిచాను నిన్ను.”

“అయిపోయింది. తెగింది. వచ్చేసింది స్ప్రింగు. జాగ్రత్త, వేడిగా ఉంది.”

“ఎంత బరువుందో! ఇది పెట్టుకుని కూర్చున్నారా మహానుభావుడు ఇన్నాళ్ళూ. ఇటివ్వు, నేను దాచుకుంటా.”

“దేనికి?”

“దేనికో. తలుపుకి అడ్డం పెట్టుకుంటా. నీకెందుకు?”

“పాత స్ప్రింగు ఇదేనా, ఈ డబ్బాలోది? ఇదే. ఇదిగో, పెట్టేశా. సీటు దించాను. ఎక్కు.”

“భయంగా ఉంది.”

“ఎక్కు వదినా.”

“ఎక్కాను. అబ్బ, కిందికి దిగింది! ఒంటికి అతుక్కుంది సీటు. బ్రేకు తొక్కాను…”

“తిప్పు!”

“చిన్నబ్బాయ్! పలికింది! నాకు పలికింది!”

“షెడ్డు బయటికి పోనియ్యి! మెల్లగా! ఆఁ, అలాగే. నిటారుగా కూర్చో. అటు గోల్‌పోస్టు దాకా వెళ్ళి తిప్పుకుని రా!”

“వెళ్తున్నా! మేనేజరుకి ఇప్పుడే ఫోన్ చెయ్యమంటావా?”

“ముందు చూసుకు నడుపు!”

ఆమె గోల్‌పోస్టు దాకా వెళ్ళి తిరిగి వచ్చింది. వెనకాల సాఫీగా ఒక చాలు గడ్డి తెగి ఉంది. అతను ఎదురెళ్ళి చెయ్యెత్తాడు.

“ఇక్కడ ఆగు. తాళం ముట్టుకోకు. బ్రేకు వదిలేసి, సీటు మీంచి లే.”

“నడుస్తుండగానా?”

“నడుస్తుండగానే. పూర్తిగా లేచి నుంచో.”

“లేచాను… అరె. ఆగిపోయింది.”

“అదీ. అలా ఆగాలి. నువ్వు జారినా, తూలినా, కళ్ళు తిరిగినా మరుక్షణం ఆగుతుంది. ఎవరు చెప్పినా ఆ వైర్లు కలపకు. మేనేజరు చెప్పినా సరే. నేను చెప్పినా సరే.”

“కలపనులే. రేపు ఉద్యోగం వస్తుందంటావా?”

“వస్తుంది. ఎలా కోశావో చూడు. గీత గీసినట్టుంది.”

“ఎంత నిశ్శబ్దంగా ఉందో. ఉన్నట్టుండి ఆగేసరికి చెవుల్లో హోరు. దిగనా? ఏమైందిరా? ఏంటి, ఏడుస్తున్నావా?”

“వదినా, అవి అన్నయ్య కలిపిన వైర్లు కావు.”

“మరి?”

“నేను కలిపాను. గుంటల్లో ఆగిపోతోంది, ఏదో ఒకటి చెయ్యరా అన్నాడు. వద్దన్నాను. నాలుగుసార్లు అడిగాడు. ఒక ఆదివారం వచ్చి, నిమిషంలో కలిపేసి, టీ తాగి వెళ్ళిపోయాను. ముప్ఫై ఏళ్ళ మెకానిక్కుని. ఏ కస్టమరుకీ చెయ్యని పని, అన్న అడిగాడని చేశాను.”

“చిన్నబ్బాయ్…”

“చెప్పనీ. నువ్వు కాగితాల కోసం వెళ్ళిన రోజు దొంగలా వచ్చి విడదీశాను. నీకు మొహం చూపించలేక రాలేదు ఇన్నాళ్ళూ, పనీ లేదు పాడూ లేదు. డాక్టరు ఏమన్నాడు? గంట ముందు తెచ్చుంటే బతికేవాడన్నాడు. ఆ వైర్లు కలపకుండా ఉంటే అన్నయ్య పడగానే బండి ఆగేది. చప్పుడు ఆగేది. నువ్వు వినేదానివి, పరిగెత్తేదానివి. నా మూలాన పెట్రోలు అయిపోయేదాకా ఖాళీ బండి నడుస్తూనే ఉంది, నువ్వు ఆ చప్పుడు వింటూ వంట చేసుకున్నావు.”

“పెట్రోలు అయిపోయేదాకా నడిచిందని ఎవరు చెప్పారు నీకు?”

“నువ్వే. వాచ్‌మన్ తలుపు కొట్టేదాకా చప్పుడు వస్తూనే ఉందని నువ్వే చెప్పావు.”

“అవును. నేనే చెప్పాను.”

“వదినా?”

“ఆ మాట నీ మీద ఇలా పడుతుందని నాకు తెలియదు. తెలిస్తే… తెలిసినా చెప్పేదాన్ని కాదేమో. కళ్ళు తుడుచుకుని ఇటు చూడు.”

“చూస్తున్నా. చెప్పు.”

“బండి పదకొండు కాకముందే కంచెకి గుద్దుకుని ఆగిపోయింది, నేను విన్నాను. అప్పటికి మేమిద్దరం మాట్లాడుకోక నాలుగు రోజులు. ముందు ఆయనే వచ్చి పలకరించాలని, ఆ రెండు గంటలూ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.”